కథాస్థలం – చిత్రస్థలం: తూర్పు కనుమల మన్యంలో సినిమా యాత్ర – విమర్శనాత్మక పరిశీలన

సారాంశం

తెరపై చూసిన స్థలాన్ని వెతుక్కుంటూ వెళ్లే ప్రేక్షక యాత్ర జపానులో అనిమే చిత్రాల మూలంగా ఒక సంప్రదాయంగా స్థిరపడింది. తెలుగు సినిమా మూలంగా అరకు, మారేడుమిల్లి, లంబసింగి ప్రాంతాలకు సాగుతున్న యాత్ర పైకి దానిని పోలి ఉన్నా స్వభావంలో వేరు. క్షేత్రమాహాత్మ్యం, ప్రబంధ వర్ణన అనే రెండు తెలుగు సాహిత్య సంప్రదాయాల వెలుగులో ఈ భేదాన్ని వివరించి, స్థలానికి చెందిన మనుషులూ పేర్లూ దృశ్యం నుండి జారిపోయే తీరును పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

కీలక పదాలు: అనిమే, సెయిచి జున్‌రెయ్, స్థలపురాణం, అష్టాదశ వర్ణనలు, అరకు లోయ, మన్యం, తెలుగు సినిమా

1. ప్రవేశిక

రంపచోడవరం మన్యంలోని మారేడుమిల్లి ఘాట్ రోడ్డులో కారు ఆపి, అడవిని వెనుక ఉంచుకొని ఫోటో తీసుకునే యాత్రికులలో చాలామందికి ఆ చోటు ‘పుష్ప’ చిత్రం వల్లనే తెలుసు. 2021లో విడుదలైన ఆ చిత్రంలోని అడవి దృశ్యాలలో అధిక భాగం అక్కడ చిత్రించినవే. అయితే చిత్రకథ జరిగేది శేషాచలం కొండలలో. కథకు మూలమైన ఎర్రచందనం చెట్టు సహజంగా పెరిగేది కూడా దక్షిణాన ఉన్న ఆ కొండలలోనే. శేషాచలమూ మారేడుమిల్లీ తూర్పు కనుమల గొలుసులోనివే అయినా వాటి మధ్య వందల కిలోమీటర్ల దూరం ఉంది. చెట్టు వేరు, వాన వేరు, మనిషి మాట వేరు. కనుక మారేడుమిల్లిలో ఆగిన యాత్రికుడు చూస్తున్నది కథ జరిగిన చోటును కాక కెమెరా నిలిచిన చోటును.

మొదటిదానిని ‘కథాస్థలం’ అనీ రెండవదానిని ‘చిత్రస్థలం’ అనీ ఈ వ్యాసంలో వ్యవహరించడం జరిగింది. ఈ రెండూ ఒకటైనప్పుడు ప్రేక్షక యాత్రకు ఒక అర్థం ఏర్పడుతుంది. వేరైనప్పుడు మరొక అర్థం ఏర్పడుతుంది. ఆ భేదాన్ని గుర్తించడానికి, ఇటువంటి యాత్రకు పేరూ పద్ధతీ ఏర్పడిన జపాను అనుభవాన్ని ముందుగా పరిశీలించడం అవసరం.

2. జపాను నమూనా

అనిమే చిత్రాలలో కనిపించే వాస్తవ స్థలాలను అభిమానులు సందర్శించడాన్ని జపానులో ‘సెయిచి జున్‌రెయ్’ అంటారు. పుణ్యస్థల యాత్ర అని దీని అర్థం. మత సంబంధమైన పదాన్ని చిత్రాభిమానానికి వాడడం మొదట చమత్కారమే అయినా, 2016 నాటికి ఆ ఏడాది ప్రచారంలోకి వచ్చిన పదాలలో మొదటి పదింటిలో ఒకటిగా ఎంపికయ్యేంతగా అది వాడుకలో పాతుకుపోయింది. అదే సంవత్సరం ఏర్పడిన అనిమే పర్యాటక సంఘం 88 స్థలాల జాబితాను ప్రకటించే పద్ధతిని చేపట్టింది. షికోకు ద్వీపంలోని 88 బౌద్ధాలయాల ప్రదక్షిణ యాత్రను ఆ సంఖ్య గుర్తుచేస్తుంది. పాత తీర్థయాత్ర చట్రంలో కొత్త యాత్ర ఒదిగిన తీరు ఇందులో స్పష్టం.

ఈ యాత్రలో ప్రధాన క్రియ పోల్చి చూడడం. అభిమాని చిత్రంలోని ఒక చట్రాన్ని వెంట తీసుకువెళ్లి, చిత్రకారుడు ఏ కోణం నుండి చూశాడో ఆ కోణంలోనే నిలబడి ఫోటో తీస్తాడు. దృశ్యంలో ఉన్న స్తంభం ఇక్కడ ఉందా, మెట్ల వరుస అలాగే ఉందా అని సరిచూస్తాడు. ఇది ఒక రకమైన పాఠపరిష్కరణ. తాళపత్ర ప్రతులను దగ్గర పెట్టుకొని పాఠభేదాలను గుర్తించే పరిష్కర్త శ్రద్ధకూ దీనికీ పోలిక ఉంది. చిత్రకారుడు దేనిని ఉంచాడు, దేనిని మార్చాడు అన్న ప్రశ్న అభిమానిని స్థలం వివరాల్లోకి తీసుకుపోతుంది.

2007లో ప్రసారమైన ‘లక్కీ స్టార్’ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. అందులోని ఆలయానికి సైతామా ప్రాంతంలోని వషినోమియా ఆలయం మాతృక. చిత్రంలో ఆలయం పేరు మార్చారు, రూపాన్ని మాత్రం మార్చలేదు. ఆ రూపాన్ని బట్టే అభిమానులు స్థలాన్ని కనిపెట్టారు. 2008 కొత్త సంవత్సర దర్శనానికి అక్కడికి దాదాపు 3 లక్షల మంది వచ్చారు. అంతకుముందు ఏడాది సంఖ్యకు ఇది రెట్టింపు కన్న ఎక్కువ. ఇందులో సంఖ్య కన్న గమనార్హమైనది స్థానికుల స్పందన. 2008లోనే ఆ ఊరి ఉత్సవంలో చిత్రంలోని పాత్రలతో అలంకరించిన పల్లకీ బయలుదేరింది. ఊరి వర్తకులూ ఆలయమూ అభిమానులూ కలిసి ఆ కథను ఊరి ఆచారంలో భాగం చేసుకున్నారు. కథ ఊరిని వాడుకున్నట్లే ఊరు కూడా కథను వాడుకుంది.

ఈ యాత్రకు చీకటి పార్శ్వం లేకపోలేదు. ‘స్లామ్ డంక్’ చిత్రంలో కనిపించిన కామకురా సముద్రతీరపు రైల్వే గేటు దగ్గర రోడ్డుకు అడ్డంగా నిలిచి ఫోటోలు తీసే జనం స్థానికులకు పెద్ద ఇబ్బందిగా మారారు. అయినా అక్కడ ఫిర్యాదు చేసే ఊరు ఒకటి కనిపిస్తుంది. తన మాట వినిపించగల స్థితిలో స్థానికుడు ఉన్నాడు. తూర్పు కనుమల సందర్భంలో కీలకమయ్యేది ఈ అంశమే.

3. క్షేత్రమాహాత్మ్యం – ప్రబంధ వర్ణన

కథ విని స్థలానికి ప్రయాణం కట్టడం తెలుగువారికి కొత్త కాదు. శ్రీనాథుని భీమేశ్వర పురాణం దాక్షారామ మాహాత్మ్యాన్నీ, కాశీఖండం వారణాసి మాహాత్మ్యాన్నీ తెలుగులో స్థిరపరచాయి. స్థలపురాణంలో స్థలానికి ప్రత్యామ్నాయం ఉండదు. ఈ గుండంలోనే మునగాలి, ఈ గుడికే ప్రదక్షిణ చేయాలి. కథ మొత్తం ఆ ఒక్క చోటు ఎందుకు విశిష్టమైనదో చెప్పడానికే ఏర్పడింది. ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో చేసిన ప్రయాణాన్ని నమోదు చేసిన కాశీయాత్ర చరిత్ర ఈ సంప్రదాయాన్ని మరొక అడుగు ముందుకు తీసుకుపోయింది. క్షేత్ర మహిమతో పాటు దారిలోని మజిలీలనూ మనుషులనూ వసతులనూ ఆయన రాశాడు. మాహాత్మ్యం విని బయలుదేరిన యాత్రికుడు వర్తమానాన్ని కూడా చూశాడు.

దీనికి భిన్నమైన మరొక సంప్రదాయం ప్రబంధ వర్ణన. అష్టాదశ వర్ణనలలో శైలం ఒకటి, వనవిహారం ఒకటి. కావ్యానికి కొండ కావాలి. అది ఏ కొండ అన్నది చాలాచోట్ల ప్రధానం కాదు. కవిసమయాలతో, అలంకారాలతో ఆ కొండ నిండుతుంది. అక్కడ నివసించే వారి బతుకు వర్ణనకు విషయం కాదు. వర్ణనలోని శైలానికి ప్రత్యామ్నాయం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

ఈ రెండు ధోరణుల కూడలిలో మనుచరిత్రలోని ప్రవరుడు నిలుస్తాడు. యాత్రికులను పిలిచి ఆతిథ్యమిచ్చి దేశదేశాల విశేషాలు అడిగి తెలుసుకునే ప్రవరుడు, సిద్ధుడిచ్చిన పాదలేపంతో హిమాలయానికి చేరుకుంటాడు. విన్న స్థలాన్ని కంటితో చూడాలన్న తపన తెలుగు సాహిత్యంలో ఇంతకన్న స్పష్టంగా రూపుకట్టిన పాత్ర అరుదు. అయితే అతని ప్రయాణంలో దారి లేదు. నడవని దారి గురించి అతనికి తెలియదు. లేపం మంచుకు కరిగిపోగానే తిరుగుదారి కోసం ఆ చోటు మనిషినే అడగవలసి వస్తుంది. చిత్రస్థలానికి నేరుగా కారులో చేరే నేటి యాత్రికుని స్థితి దీనికి దూరమైనది కాదు.

పర్యాటక ఆకర్షణ అంటే యాత్రికుడు, దర్శనీయ స్థలం, ఆ స్థలాన్ని సూచించే గుర్తు అనే మూడింటి మధ్య సంబంధమని డీన్ మెకానెల్ 1976 నాటి తన గ్రంథంలో ప్రతిపాదించాడు. స్థలపురాణం, సినిమా రెండూ ఇటువంటి గుర్తులే. వషినోమియాలో గుర్తు తాను సూచించే స్థలం మీదనే ఉంది. మారేడుమిల్లిలో గుర్తు ఒకచోట ఉండి మరొక చోటును సూచిస్తోంది. అనిమే యాత్ర క్షేత్రమాహాత్మ్యానికి దగ్గరగా ఉండగా, తెలుగు సినిమా మన్యాన్ని ఎక్కువగా ప్రబంధ వర్ణనలాగే వాడుకుంటున్నదని చెప్పడానికి ఇది ఆధారం.

4. మన్యం: మూడు చిత్రాలు

4.1. కథాస్థలమూ చిత్రస్థలమూ కలిసిన సందర్భానికి 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’ ఉదాహరణ. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రమైన దీని చిత్రీకరణకు చింతపల్లి అడవులను ఎంచుకున్నారు. 1922 ఆగస్టు 22న రామరాజు దళం దాడి చేసిన పోలీసు స్టేషన్ ఆ చింతపల్లిలోనిదే. ఆ మరుసటి రెండు రోజులలో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లపై దాడులు జరిగాయి. చిత్రం చూసి చింతపల్లికి వెళ్లేవాడు చరిత్ర నడిచిన నేల మీదనే నిలబడతాడు. అక్కడినుండి కృష్ణదేవిపేటలోని రామరాజు సమాధికి వెళ్లవచ్చు; పోడు వ్యవసాయం మీద అటవీ చట్టాలు విధించిన ఆంక్షలు, దారుల నిర్మాణంలో వెట్టిచాకిరీ ఆ తిరుగుబాటుకు ఎలా కారణమయ్యాయో, గాం గంటం దొర, మల్లు దొర వంటివారు అందులో ఎందుకు చేరారో ఆ కొండవాలులను చూస్తూ ఆలోచించవచ్చు. చిత్రంలో నాయకుని కథ ముందుకు వచ్చి కొండవారి కథ వెనుకకు జరిగి ఉండవచ్చు. అయినా చిత్రం చూపిన దారి వెంట పోతే ఆ కథ దొరుకుతుంది.

4.2. ‘పుష్ప’లో ఈ సంబంధం తెగిపోయింది. తెలుగు పరిశోధకులకు ఆసక్తి కలిగించే విశేషం ఒకటి ఈ చిత్రంలో ఉంది. పాత్రల భాష చిత్తూరు ప్రాంతానిది. యాసను కథాస్థలానికి తగినట్లు నిలపడానికి చిత్రం ఎంతో శ్రద్ధ తీసుకుంది. దృశ్యం విషయంలో అటువంటి నిర్బంధం కనిపించదు. చెవికి చిత్తూరు, కంటికి మారేడుమిల్లి. భాషకు ఊరు అవసరమైంది గాని అడవికి ఊరు అవసరం కాలేదు. మారేడుమిల్లి పరిసరాలు కొండరెడ్ల నివాసభూమి. గోదావరికి ఇరువైపులా ఉన్న ఈ జనజీవితంపై ఫ్యూరర్ హైమండార్ఫ్ 1945లోనే ప్రత్యేక గ్రంథం ప్రకటించాడు. చిత్రకథలో వారికి చోటు ఉండవలసిన కారణం లేదు, ఎందుకంటే కథ వారి కొండలది కాదు. అయితే చిత్రం విడుదలయ్యాక వారి కొండలోని మలుపుకు ‘పుష్ప షూటింగ్ స్పాట్’ అనే పేరు వచ్చింది. తమకు సంబంధం లేని కథ పేరు తమ నేల మీద నిలిచింది.

4.3. 2022 నాటి ‘ఆర్ఆర్ఆర్’ది మరొక స్థితి. ఇందులోని నాయకులిద్దరి పేర్లూ ఆదివాసీ పోరాట చరిత్రకు చెందినవి. కథ ప్రధానంగా ఢిల్లీలో నడుస్తుంది; 1922 నాటి దాడులు ఇందులో లేవు. అడవి బిడ్డగా భీమ్ పరిచయమయ్యే సన్నివేశాన్ని బల్గేరియా అడవులలో చిత్రించారు. ‘నాటు నాటు’ పాట కీవ్ నగరంలోని మారియిన్‌స్కీ ప్రాసాదం ముందు 2021లో చిత్రితమైంది. 2022 అక్టోబరులో జపానులో విడుదలైన ఈ చిత్రానికి అక్కడ అపారమైన ఆదరణ లభించింది. 2024 ఆరంభంలో తకరజుకా బృందం దానిని రంగస్థలం మీదికి కూడా తెచ్చింది. సెయిచి జున్‌రెయ్ అలవాటున్న జపాను అభిమాని ఒకడు ఈ కథ స్థలాలను వెతుక్కుంటూ బయలుదేరితే ఎక్కడికి వెళ్లాలి? దృశ్యాన్ని అనుసరిస్తే యుద్ధంలో ఉన్న కీవ్‌కు, పేరును అనుసరిస్తే చింతపల్లికీ జోడెన్‌ఘాట్‌కూ వెళ్లాలి. రెండవ దారిని చిత్రం ఎక్కడా చూపదు. కల్పనకు చిత్రానికి పూర్తి స్వేచ్ఛ ఉంది. ఆ స్వేచ్ఛకు చెల్లించిన మూల్యం స్థలం.

5. అరకు: కిటికీలోని లోయ

అరకు లోయ ఈ మూడింటికీ భిన్నంగా, ఏ ఒక్క కథకూ చెందకుండా ప్రసిద్ధమైన చిత్రస్థలం. తెలుగు సినిమా అరకును ఎక్కువగా పాటలలో వాడుకుంది. పాటలో స్థలం మారడానికి కథాపరమైన కారణం అక్కరలేదు. నాయికానాయకులు ఊరి వీధిలో మాట్లాడుతూ ఒక్క కోతతో కొండల మధ్యకు చేరతారు. ఆ స్థానంలో అరకు ఉన్నా, ఊటీ ఉన్నా, స్విట్జర్లాండ్ ఉన్నా పాట నిర్వహించే పని ఒకటే. అష్టాదశ వర్ణనలలోని శైలం ఇక్కడ తన ఆధునిక రూపాన్ని పొందింది. విశాఖ, భీమిలి పరిసరాలలో రూపొందిన ‘మరో చరిత్ర’ (1978)తో పోల్చితే భేదం తెలుస్తుంది. తెలుగు, తమిళ కుటుంబాలు పక్కపక్క ఇళ్లలో ఉండే తీరప్రాంతం ఆ ప్రేమకథకు ఆధారం. అందుకే ఆ చిత్రాభిమాని భీమిలికి వెళ్లినప్పుడు కథ కూడా వెంట వస్తుంది.

అరకుకు తీసుకుపోయే రైలు మార్గం ఈ సందర్భంలో ప్రత్యేకంగా పేర్కొనదగినది. కొత్తవలస–కిరండూల్ మార్గంలో 50కి పైగా సొరంగాలున్నాయి. శిమిలిగుడ స్టేషన్ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. 2017లో ఈ మార్గంలో అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టెను ప్రవేశపెట్టారు. రైలు పెట్టె మొత్తం ఒక చిత్ర చట్రంగా మారిపోయింది. అయితే 1960ల దశకంలో ఈ మార్గాన్ని నిర్మించింది విహారయాత్రికుల కోసం కాదు. బైలదిల్లా ముడి ఇనుమును విశాఖ రేవుకు, అక్కడినుండి జపాను ఉక్కు పరిశ్రమకు చేర్చడం దాని లక్ష్యం. నేడు కిటికీలోంచి కనిపించే సొరంగాలూ వంతెనలూ ఆ ఖనిజ వాణిజ్యపు రాతలే. చట్రాన్నీ స్థలాన్నీ పోల్చి చూసే అనిమే యాత్రికుని శ్రద్ధతో ఈ మార్గాన్ని చదివితే ఆ చరిత్ర బయటపడుతుంది. దృశ్యాన్ని వర్ణనగా మాత్రమే చూసేవారికి పొగమంచు మాత్రమే మిగులుతుంది.

థింసా నృత్యానికి కలిగిన స్థితి కూడా ఇటువంటిదే. చైత్రమాసపు ఇటుకల పండుగలో, పెళ్లిళ్లలో ఒకరి నడుము వెనుక ఒకరు చేతులు కలిపి వలయంగా ఆడే ఈ నృత్యానికి ఋతువూ సందర్భమూ ఉన్నాయి. యాత్రికుల విడిది ముంగిట అదే నృత్యం ఏ సాయంత్రమైనా జరుగుతుంది. ఆడేవారికి దాని వల్ల వచ్చే ఆదాయాన్ని తక్కువ చేయనక్కరలేదు. విమర్శకు విషయం వేరు: ఋతువు నుండి విడిపడిన నృత్యం కూడా ఎక్కడైనా అమర్చగల వర్ణనగా మారుతున్నది.

6. ఒక అభ్యంతరం

కథాస్థలం, చిత్రస్థలం ఒకటి కాకపోవడాన్ని దోషంగా చూడడం కళాస్వేచ్ఛకు విరుద్ధమన్న అభ్యంతరం రావచ్చు. జపాను ఉదాహరణలే ఈ అభ్యంతరానికి బలాన్నిస్తాయి. మకోతో షింకాయ్ ‘యువర్ నేమ్’ (2016)లోని ఇతొమొరి ఊరు కల్పితం. అయినా అభిమానులు హిదా ప్రాంతపు స్టేషన్‌కూ, టోక్యోలోని సుగా ఆలయపు మెట్లకూ తరలివెళ్లారు. తెలుగు నేలపై గోదావరి ఒడ్డున కుమారదేవం గ్రామంలోని నిద్రగన్నేరు చెట్టు ఎన్నో చిత్రాలలో కనిపించి ‘సినిమా చెట్టు’గా పేరుపొందింది. ఏ ఒక్క కథకూ అది చెందదు. 2024 ఆగస్టులో ఆ చెట్టు కూలినప్పుడు తెలుగువారు ఆత్మీయుని కోల్పోయినట్లు బాధపడ్డారు. స్థలంపై మమకారం ఏర్పడడానికి కథాస్థలం కానక్కరలేదని ఇవి నిరూపిస్తున్నాయి.

ఈ అభ్యంతరం సమంజసమైనదే. దీనిని అంగీకరిస్తే విమర్శ మరింత సూక్ష్మమవుతుంది. స్థలాలు వేరు కావడం దానంతట అది సమస్య కాదు. యాత్ర మొదలైన తరువాత ఆ చోటి మనుషులు తమ స్థలాన్ని గురించి మాట్లాడగలుగుతున్నారా అన్నది అసలు గీటురాయి. కుమారదేవంలో చెట్టు ఊరిది. కథలు మారినా పేరు ఊరి నోటి నుండే వినిపిస్తుంది. మన్యంలో అటువంటి పరస్పరత బలహీనంగా ఉంది. 2025 మార్చిలో కోరాపుట్ ప్రాంతంలో చిత్రీకరణ ముగించుకున్న దర్శకుడు రాజమౌళి, ఒడిశాలో అత్యున్నత శిఖరమైన దేవమాలి ఎక్కి, దారి పొడవునా యాత్రికులు వదిలిన చెత్తను చూసి బహిరంగంగానే ఆవేదన వ్యక్తం చేశాడు. ఆ ఆవేదన నిజాయితీ గలది. కాని ఆ కొండ కింద నివసించేవారి మాట అంత దూరం వినిపించదన్నది కూడా అంతే నిజం.

7. పేరు ఎవరిది?

మన్యం మాట ఎక్కడా నమోదు కాలేదని అనుకోవడం పొరపాటు. గిడుగు రామమూర్తి సవర భాషకు 1931లో వ్యాకరణ బోధినిని ప్రకటించి, ఆ తరువాత నిఘంటువులను కూర్చాడు. భద్రిరాజు కృష్ణమూర్తి అరకు ప్రాంతంలో వినిపించే కొండ లేదా కూబి భాషపై క్షేత్రపరిశోధన చేసి 1969లో పాఠాలు, వ్యాకరణం, పదకోశంతో గ్రంథాన్ని వెలువరించాడు. సినిమా అరకును పొగమంచుగా చూపుతున్న కాలంలోనే, అదే లోయవాసులు తమ భాషలో చెప్పిన కథలు విశ్వవిద్యాలయ పరిశోధన ద్వారా అచ్చయ్యాయి. ఈ రెండు అరకులూ ఇంతవరకు ఒకదానికొకటి ఎదురుపడలేదు.

న్యాయస్థానంలోనూ ఈ నేల తన విశిష్టతను నిరూపించుకుంది. అనంతగిరి మండలంలోని బొర్రా పరిసర గ్రామాలలో గనుల లీజులపై నడిచిన సమత కేసులో 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు వెలువడింది. షెడ్యూల్డు ప్రాంతంలోని భూమిని ఆదివాసీయేతరులకు లీజుకివ్వడం చెల్లదనీ, ఈ నిషేధం ప్రభుత్వ భూములకు కూడా వర్తిస్తుందనీ ఆ తీర్పు సారాంశం. బొర్రా గుహలు సినిమాకు ఒక వింత నేపథ్యం. యాత్రికునికి ఒక మజిలీ. ఆ తీర్పులో మాత్రం ఆ ప్రాంతం ఫలానా మనుషులకు చెందిన ఫలానా నేల. స్థలానికి ప్రత్యామ్నాయం లేదన్న క్షేత్రమాహాత్మ్య భావన ఇక్కడ హక్కుల భాషలో తిరిగి వినిపించింది.

ఇందుకు విరుద్ధంగా ‘షూటింగ్ స్పాట్’, ‘వ్యూ పాయింట్’ వంటి పేర్లు కొండ మీద స్థిరపడుతున్నాయి. కొండకు, గెడ్డకు, మెట్టకు ఆదివాసీలు పెట్టుకున్న పేరులో ఒక చెట్టో, ఒక దేవతో, ఒక సంఘటనో ఉంటుంది. ఆ పేరు తొలగితే దానిలోని చిన్న స్థలపురాణం కూడా తొలగుతుంది. 2024లో వచ్చిన ‘లంబసింగి’ చిత్రం ఊరి పేరునే శీర్షికగా స్వీకరించడం ఈ దృష్టితో గమనించదగినది. పేరు నిలిపినంత మాత్రాన జీవితం నిలిచిందని చెప్పలేము. అయినా యాత్రికునికి అడగడానికి ఒక పేరు దొరికింది.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. అనిమే యాత్రకు బలం చిత్రంపై అభిమానంలో కన్న, చట్రాన్నీ స్థలాన్నీ పక్కపక్కన పెట్టి చదివే శ్రద్ధలోనూ, ఆ చదువులో స్థానికులు పాలుపంచుకోవడంలోనూ ఉంది. తెలుగు సినిమా తూర్పు కనుమలను ప్రధానంగా ప్రబంధ వర్ణన పద్ధతిలో స్వీకరించింది. అందువల్ల యాత్రికుడు దృశ్యాన్ని పొందుతున్నాడు, స్థలాన్ని పొందడం లేదు. కథాస్థలం చిత్రస్థలంతో కలిసిన చోట, చింతపల్లిలో వలె, దృశ్యం చరిత్రకు దారి చూపగలిగింది.

తెలుగు సినిమా విమర్శ ఇంతవరకు కథ, సంభాషణ, గీతం, నటన అనే అంశాలపై చూపిన శ్రద్ధను స్థలంపై చూపలేదు. ఏ చిత్రంలోని ఏ దృశ్యం ఏ గూడెం పొలిమేరలో చిత్రితమైందో, ఆ చోటును అక్కడివారు ఏమని పిలుస్తారో నమోదు చేసే స్థలసూచి ఒకటి తయారు కావలసి ఉంది. జపానులో ఈ పనిని అభిమానులే చేపట్టారు. ఇక్కడ సవర, కూబి, గదబ, కువి భాషలు తెలిసిన పరిశోధకులు, ఆ భాషలు మాట్లాడే విద్యార్థులు దీనిని చేపట్టడం ఉచితం. గిడుగు, భద్రిరాజు నమోదు చేసిన మాటలకు ఆ సూచి సహజమైన కొనసాగింపు అవుతుంది. అది చేతిలో ఉంటే మారేడుమిల్లి మలుపులో ఆగిన యాత్రికుడు ఫోటో తీసుకున్న తరువాత ఆ కొండ పేరేమిటని అడగగలుగుతాడు. చెప్పగలవారు ఇంకా అక్కడ ఉన్నారు.